ఊదేకొద్దీ తగ్గే అంకెలు: స్పైరోమెట్రీలో శ్వాసనాళాలు బిగుసుకుంటే ఏం చేయాలి

ఊపిరితిత్తుల పనితీరును గాలి ఊదించి కొలిచే పరీక్ష స్పైరోమెట్రీ. దాని రిపోర్టుల అడుగున నాకు బొత్తిగా గిట్టని వాక్యం ఒకటి తరచూ కనిపిస్తుంది: "పేషెంటు సరిగా సహకరించలేదు." కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఆ వాక్యానికి పైన ఉన్న అంకెలను ఊదిన వరసలో పెట్టి చూడండి. మొదటిసారి ఎక్కువ, రెండోసారి కొంచెం తక్కువ, మూడోసారి ఇంకా తక్కువ. ఇలా మెట్లు దిగినట్టు తగ్గుతూ ఉంటే తొందరపడి ఆ వాక్యం రాయకండి. ఆ మనిషి శక్తికొద్దీ ఊది ఉండవచ్చు. ఊదడానికి ముందు పీల్చిన నిండు ఊపిరే శ్వాసనాళాలను బిగించి ఉండవచ్చు. అలాంటప్పుడు తప్పు మోపాల్సింది మనిషి మీద కాదు, గుర్తించాల్సింది జబ్బును.

ఊపిరితిత్తుల పరీక్షలు చేయడం నా వృత్తి. ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న టెక్నీషియన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉబ్బసం ఉండి ఈ పరీక్షకు వెళ్లేవారికీ ఉపయోగపడుతుంది. వాళ్ల కోసం చివర్లో కొన్ని మాటలు విడిగా చెప్పాను.

నిండు ఊపిరి ఎందుకు ఎదురు తిరుగుతుంది

ఆరోగ్యంగా ఉన్నవారిలో నిండా ఊపిరి పీల్చడం శ్వాసనాళాలకు మేలు చేస్తుంది. ఊపిరితిత్తి విచ్చుకున్నప్పుడు చుట్టూ ఉన్న కణజాలం నాళాల గోడలను అన్ని వైపుల నుంచీ బయటికి లాగుతుంది. గోడల్లోని నునుపు కండరం సాగి పట్టు సడలిస్తుంది. ఆ సడలింపు కాసేపు నిలుస్తుంది. 1961లో నాడెల్, టియర్నీ అనే పరిశోధకులు ఆరోగ్యవంతుల శ్వాసనాళాలు ముడుచుకునేలా చేసి, ఆ తర్వాత నిండు ఊపిరి పీల్చమన్నారు. గాలికి ఎదురయ్యే నిరోధం తగ్గింది. 1995లో స్క్లూట్, పెర్మట్, టోగియాస్ దీన్ని మరో వైపు నుంచి పరీక్షించారు. ఆరోగ్యవంతులను నిండు ఊపిరి అసలు తీయవద్దని చెప్పి, నాళాలను బిగించే మెథాకోలిన్ మందు పీల్పిస్తే, వాళ్ల నాళాలు కూడా ఉబ్బసం ఉన్నవారి నాళాల మాదిరిగా ప్రవర్తించాయి. రోజంతా మనకు తెలియకుండా తీసే నిట్టూర్పులు మన నాళాలను ఎంతగా కాపాడుతున్నాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఉబ్బసంలో ఈ రక్షణ బలహీనపడుతుంది. కొందరిలో పూర్తిగా తలకిందులవుతుంది. స్పైరోమెట్రీ చేయడమే నాళాలు మూసుకోవడానికి కారణం కావచ్చని 1972లో గిమేనో బృందం రాసింది. 1975లో గేరార్, ఓరెహెక్, వారి సహచరులు ఉబ్బసం రోగుల్లో నిండు ఊపిరి తర్వాత నాళాలు ముడుచుకోవడాన్ని నేరుగా కొలిచి చూపించారు. దీని వెనుక నడిచే విషయాలు రెండు మూడున్నాయి. వాచిన గోడల వల్ల చుట్టూ ఉన్న కణజాలం లాగే లాగుడు కండరం దాకా సరిగా చేరదు. చేరినా, సాగిన కండరం వెంటనే మళ్లీ బిగుసుకుంటుంది. ఇక ఊపిరితిత్తి ఒకసారి పూర్తిగా ఉబ్బి మామూలు స్థితికి దిగాక, కణజాలం గోడలను లాగే బలం కాసేపు తగ్గి ఉంటుంది. కండరం పట్టు మాత్రం తగ్గదు. రెండింటి మధ్య నలిగిన నాళం మునుపటికంటే ఇరుకవుతుంది. మందుతో కావాలని బిగించిన నాళాలకంటే, జబ్బు ముదిరి వాటంతటవే బిగిసిన నాళాల్లో ఈ ధోరణి ఎక్కువ. అందుకే ఉబ్బసం అదుపులో లేని రోజుల్లో పరీక్షకు వచ్చినవారి విషయంలో నేను ముందునుంచే జాగ్రత్తగా ఉంటాను.

ఊదించడానికి ముందు

మొదట యంత్రాన్ని నమ్మదగినదిగా చేసుకోండి. మూడు లీటర్ల సిరంజితో సరిచూసినప్పుడు తేడా 3 శాతం లోపు ఉండాలి. ఇది ప్రతి పరీక్షకూ అవసరమే. అయితే తగ్గే అంకెలను అర్థం చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఇదే మొదటి సాక్ష్యం. సిరంజి కొలత సరిగా ఉంటే, యంత్రాన్ని అనుమానించే పని సగం తగ్గుతుంది.

తర్వాత అడగాల్సినవి అడగండి. చివరిసారి ఇన్‌హేలర్ ఎప్పుడు వాడారు? సాల్బుటమాల్ వంటి త్వరగా పనిచేసే మందుకు పరీక్షకు ముందు నాలుగు నుంచి ఆరు గంటల విరామం ఉండాలి. డాక్టరు ఆపవద్దని చెప్పి ఉంటే ఆపనక్కరలేదు, వాడిన సమయం రాసుకుంటే చాలు. ఈ మధ్య జలుబు చేసిందా? రాత్రిపూట దగ్గుతో నిద్ర లేస్తున్నారా? గట్టిగా నవ్వినా, దీర్ఘంగా ఊపిరి పీల్చినా దగ్గు తెర వస్తోందా? ఈ చివరి ప్రశ్న ఫారాల్లో కనిపించదు, నేను మాత్రం తప్పకుండా అడుగుతాను. "అవునండీ, ఆవులిస్తే కూడా దగ్గొస్తుంది" అన్నవారి పేరు పక్కన చిన్న గుర్తు పెట్టుకుంటాను.

ఆసిలోమెట్రీ (చిన్న గాలి అలలు పంపి నాళాల నిరోధం కొలిచే పరీక్ష) కూడా చేయాల్సి ఉంటే దాన్నే ముందు చేయండి. అందులో మామూలుగా ఊపిరి తీస్తూ కూర్చుంటే సరిపోతుంది. నిండు ఊపిరి ప్రభావం పడకముందు నాళాలు ఎలా ఉన్నాయో అదొక్కటే చెప్పగలదు. స్పైరోమెట్రీ తర్వాత చేస్తే ఆ అవకాశం పోతుంది.

ఊదే పద్ధతి నేర్పేటప్పుడు రోగి చేత పదే పదే సాధన చేయించకండి. మీరే మౌత్‌పీస్ ఒకటి పట్టుకుని చేసి చూపించండి. సాధన కోసం తీసే నిండు ఊపిరి కూడా నాళాలకు నిండు ఊపిరే. లెక్కలోకి వచ్చే మొదటి ప్రయత్నానికి ముందే అలాంటివి నాలుగైదు అయిపోతే, మీకు కనిపించే మొదటి అంకె అసలు మొదటిది కాదు. పైగా ఇప్పటి ప్రమాణాల ప్రకారం ఊదడం పూర్తయ్యాక మళ్లీ నిండా పీల్చమంటాం కాబట్టి, ఒక్కో ప్రయత్నంలో రెండు నిండు ఊపిరులు ఉంటాయి. ఈ లెక్క మనసులో పెట్టుకోండి. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య కనీసం ఒకటి రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి తీయనివ్వండి.

ఒక పరీక్ష, నాలుగు ప్రయత్నాలు

నలభై దాటిన ఒక మహిళ నా గదికి వచ్చారు. చేతిలో పాత రిపోర్టు ఉంది. అందులో నాకు గిట్టని ఆ వాక్యమే. "ఈసారైనా సరిగ్గా ఊదుతానండీ" అన్నారు కూర్చుంటూనే. ఆ మాట విన్నాక పరీక్ష మొదలుపెట్టే ముందు ఆమెతో కొంచెంసేపు మాట్లాడాల్సి వచ్చింది. ఎందుకంటే తప్పు తనదేనని నమ్మిన మనిషి ప్రతి ప్రయత్నంలోనూ ఇంకా గట్టిగా, ఇంకా లోతుగా పీలుస్తారు. వారి నాళాలకు అదే పడదు.

మొదటి సెకనులో ఊదిన గాలి, అంటే ఎఫ్‌ఈవీ1, మొదటి ప్రయత్నంలో 2.84 లీటర్లు వచ్చింది. రెండోసారి 2.66. మూడోసారి 2.41. మొదటి రెండింటి మధ్యే తేడా 180 మి.లీ. పెద్దవారిలో మేలైన రెండు ఫలితాల మధ్య తేడా 150 మి.లీ. దాటకూడదన్నది ప్రమాణం. ఆ నియమం ఒక్కటే తెలిసినవారు ఇక్కడ "ఇంకోసారి, ఇంకా గట్టిగా" అంటారు. నేను తెర మీది గ్రాఫు చూశాను.

గ్రాఫు మొదటి శిఖరం, అంటే గాలి అత్యధిక వేగం (పీక్ ఫ్లో), మూడు ప్రయత్నాల్లోనూ దాదాపు ఒకే ఎత్తులో నిటారుగా ఉంది. శక్తి పెట్టకపోతే ఆ శిఖరం మొదట గుండ్రబడుతుంది, తర్వాత కుంగుతుంది. ఇక్కడ అది నిలబడింది. మారిందల్లా శిఖరం నుంచి కిందికి దిగే గీత. మొదటి ప్రయత్నంలో కొంచెం లోపలికి వంగి ఉన్న గీత, మూడోదానికి బాగా గుంటపడింది. గాలి బయటికి వచ్చే ఆ భాగం రోగి ప్రయత్నం మీద పెద్దగా ఆధారపడదు. నాళాల వెడల్పే దాన్ని నిర్ణయిస్తుంది. మూడోసారి ఊదాక ఆమె మెడ పక్కన చెవి పెట్టి వినాల్సిన అవసరం కూడా లేకపోయింది, పిల్లికూత నాకు కుర్చీ దగ్గరే వినిపించింది.

ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఆక్సిజన్ స్థాయి చూసి, ఆమె ఒప్పుకున్నాక నాలుగోసారి ఊదించాను. 2.22. మొదటి అంకెతో పోలిస్తే దాదాపు 22 శాతం తగ్గుదల. అక్కడ ఆపేశాను.

బిగుతా, అలసటా, యంత్రమా

తగ్గిన ప్రతి అంకె నాళాల బిగుతు కాదు. తేల్చుకోవడానికి ఒక్కో ప్రయత్నం తర్వాత, తర్వాతిదానికి పిలవకముందే ఈ విషయాలు చూడండి.

అన్నిటికంటే ముందు, నిండా పీల్చారా లేదా అన్నది. ఊదడం అయ్యాక పీల్చిన గాలి, ఊదిన మొత్తం గాలి (ఎఫ్‌వీసీ) కంటే ఎక్కువ ఉందేమో పోల్చండి. తేడా 100 మి.లీ.ని లేదా ఎఫ్‌వీసీలో 5 శాతాన్ని, వీటిలో ఏది పెద్దదైతే దాన్ని, దాటితే ఆ ప్రయత్నం నిండు ఊపిరితో మొదలు కాలేదని అర్థం. అప్పుడు ఎఫ్‌ఈవీ1 తగ్గడం సహజం, దానికీ నాళాలకూ సంబంధం లేదు. నిండా పీల్చి పైన ఎక్కువసేపు ఆగినా వేగం తగ్గుతుంది. రెండు సెకన్లు దాటకుండా చూడండి.

అలసట రూపం వేరు. అలసినవారిలో శిఖరం తగ్గుతుంది, గీత చివర్లో ఒక్కసారిగా తెగిపడుతుంది, ఊదే సమయం ప్రతిసారీ కుదించుకుపోతుంది. బిగుతు ఉన్నవారిలో దీనికి భిన్నంగా గాలి నెమ్మదిగా, ఎక్కువసేపు వస్తూనే ఉంటుంది. ఎఫ్‌ఈవీ1 పడిపోయినంతగా మొదట్లో ఎఫ్‌వీసీ పడదు, కాబట్టి రెండింటి నిష్పత్తి కూడా తగ్గుతుంది. బిగుతు బాగా పెరిగాక గాలి లోపలే చిక్కుకుని ఎఫ్‌వీసీ కూడా తగ్గవచ్చు, కానీ అది తర్వాతి దశ.

పెదవుల చివర గాలి కారుతోందా, నాలుక మౌత్‌పీస్‌కు అడ్డొస్తోందా, ముక్కు క్లిప్పు జారిందా అన్నవి కంటికే కనిపిస్తాయి. సెన్సర్ మీద తేమ చేరిందేమోనన్న అనుమానం ఉంటే మీరే ఒకసారి ఊది మీ మామూలు అంకెతో పోల్చండి, లేదా సిరంజి మళ్లీ నడపండి.

ఒక చిక్కు విషయం కూడా చెప్పాలి. మరీ బలంగా ఊదితే ఛాతీ లోపలి గాలి నొక్కుకుపోయి ఎఫ్‌ఈవీ1 కొంచెం తక్కువగా నమోదవుతుంది. మొదటిసారి సగం మనసుతో ఊది, రెండోసారి పూర్తి బలంతో ఊదినవారిలో శిఖరం పెరిగి ఎఫ్‌ఈవీ1 తగ్గిందంటే కారణం ఇది కావచ్చు. అందుకే శిఖరం ఒకేలా ఉన్న ప్రయత్నాలనే ఒకదానితో ఒకటి పోల్చండి.

ఎక్కడ ఆపాలి, ఆ తర్వాత ఏం చేయాలి

ప్రయత్నం తర్వాత ప్రయత్నంలో తగ్గుతూ వచ్చి, మొత్తం తగ్గుదల మొదటి అంకెలో 20 శాతం దాటితే రోగి క్షేమం కోసం ఆపేయాలి. అమెరికన్ థొరాసిక్ సొసైటీ, యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో ఈ నియమం ఉంది. పెద్దవారికి ఎనిమిది ప్రయత్నాల వరకు అనుమతి ఉన్న మాట నిజమే. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఎనిమిదీ పూర్తి చేయించాలని ఎవరూ చెప్పలేదు. నేనైతే 20 శాతం దాకా కూడా ఎదురుచూడను. పిల్లికూత మొదలై, మాట్లాడుతూ మధ్యలో ఆగుతూ ఉంటే అంకె ఎంత ఉన్నా ఆపుతాను.

ఆపాక వెంటనే యంత్రం మూసేయవద్దు. రోగిని ముందుకు కొంచెం వంగి కూర్చోనివ్వండి. మామూలు ఊపిరి తీయమనండి. "గట్టిగా పీల్చి వదలండి, తగ్గిపోతుంది" అని ఊరడించకండి. అదే ఇక్కడ ఇబ్బంది పెట్టింది. రిలీవర్ ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) చేతికి అందేలా ఉంచుకోవడం ఇందుకే.

డాక్టరు సూచన ఉంటే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు పఫ్‌లు స్పేసర్‌తో ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించండి. ఈసారి అంకెలు ఎంత పెరిగాయన్నదే కాదు, వరసగా తగ్గడం ఆగిందా అన్నదీ చూడండి. పైన చెప్పిన మహిళ విషయంలో మందు తర్వాత 2.98, 2.96, 2.97 వచ్చాయి. ముందు జారిపోయిన మనిషే ఇప్పుడు ఒకే గీత మీద నిలబడ్డారు. సహకరించని మనిషి మందు పీల్చగానే సహకరించడం నేర్చుకున్నారా? లేదు కదా. కండరం సడలింది, అంతే.

ఇక్కడే రిపోర్టు మోసం చేసే అవకాశం ఉంది. మందుకు ముందు మేలైన అంకె 2.84, తర్వాత మేలైనది 2.98. పెరుగుదల 140 మి.లీ. పాత పద్ధతిలో 12 శాతం, 200 మి.లీ. రెండూ దాటాలి. 2021 పద్ధతిలో ఆ వ్యక్తికి ఊహించిన విలువలో 10 శాతం కంటే ఎక్కువ పెరగాలి. రెండింటి ప్రకారమూ "మందుకు చెప్పుకోదగ్గ స్పందన లేదు" అని యంత్రం అచ్చు వేస్తుంది. అదే నాలుగో ప్రయత్నంతో పోలిస్తే పెరుగుదల 760 మి.లీ. నియమం మార్చమని నేను అనడం లేదు, మేలైన అంకెనే లెక్కలో చూపించాలి. కానీ మిగతా మూడు అంకెలు డాక్టరు కంట పడకపోతే ఉబ్బసం తేలకుండా ఆ మనిషి ఇంటికి వెళ్లిపోతారు.

కాబట్టి అన్ని ప్రయత్నాలనూ ఊదిన వరసలోనే భద్రపరచండి. చాలా సాఫ్ట్‌వేర్లు మేలైన వాటిని పైకి తెచ్చి వరస మార్చేస్తాయి, మిగతావి దాచేస్తాయి. అమరికల్లోకి వెళ్లి దీన్ని మార్చవచ్చు, లేదా చేత్తో రాయవచ్చు. నాణ్యత గ్రేడు కూడా దెబ్బతింటుంది. పైన చెప్పిన 180 మి.లీ. తేడాకు ఎఫ్‌ఈవీ1కు "సి" వస్తుంది. గ్రేడు చూసి పక్కన పడేయకుండా ఉండాలంటే కింద వ్యాఖ్య తప్పనిసరి. నేను ఇలా రాస్తాను: "ప్రయత్నం బాగుంది, పీక్ ఫ్లో స్థిరంగా ఉంది. ఎఫ్‌ఈవీ1 వరసగా 2.84, 2.66, 2.41, 2.22. పిల్లికూత వినిపించింది. నిండు ఊపిరి వల్ల శ్వాసనాళాలు బిగుసుకున్నట్టు ఉంది. 20 శాతం దాటినందున ఆపాము. సాల్బుటమాల్ తర్వాత వరస తగ్గుదల లేదు." ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదన్న ఒక్క కారణంతో పరీక్షను కొట్టేయకూడదని ప్రమాణాలే చెబుతున్నాయి.

మెథాకోలిన్ పరీక్ష చేసేవారికి ఒక్క మాట. అక్కడ చిక్కు అటువైపు నుంచి వస్తుంది. తేలికపాటి ఉబ్బసం ఉన్నవారిలో నిండు ఊపిరి ఇంకా కొంత రక్షణ ఇస్తుంది కాబట్టి, మందును నిండు ఊపిరులతో పీల్పిస్తే జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. 2017 నాటి యూరోపియన్ ప్రమాణం మామూలు ఊపిరితోనే మందు పీల్చే పద్ధతిని సిఫారసు చేసింది.

పరీక్షకు వెళ్లేవారికి

దీర్ఘంగా పీల్చినప్పుడు మీకు దగ్గు, ఛాతీ పట్టేసినట్టు అనిపించడం ఉంటే కుర్చీలో కూర్చోకముందే చెప్పండి. ఊదాక అనిపిస్తే తర్వాతి ప్రయత్నానికి ముందు చెప్పండి. పరీక్ష చెడిపోతుందని భయపడి భరించవద్దు. ఆ బిగుతు కూడా ఫలితంలో భాగమే.

ఇంట్లో పీక్ ఫ్లో మీటరు వాడుతుంటే మూడుసార్లు ఊది అన్నిటికంటే పెద్ద అంకె రాసుకోమంటారు. మీ అంకెలు ప్రతిసారీ మొదటిదాని నుంచి కిందికే వెళ్తుంటే, ఆ మూడింటినీ ఊదిన వరసలోనే రాయండి. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మొదటి అంకె మళ్లీ రావాలని నాలుగోసారి, ఐదోసారి ఊదకండి. ఊదాక ఆయాసం పెరిగితే డాక్టరు చెప్పిన ప్రకారం రిలీవర్ వాడండి. వాడినా తగ్గకపోతే, పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే, పెదవులు నీలంగా మారితే పీక్ ఫ్లో సంగతి వదిలేసి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి.

పాత రిపోర్టులో "సహకరించలేదు" అని ఉంటే దాన్ని దాచకుండా వెంట తీసుకెళ్లండి. అన్ని ప్రయత్నాల గ్రాఫులూ వరసలో ఉన్న ప్రతి కావాలని ఆ కేంద్రాన్ని అడగండి. యంత్రంలో అవి భద్రంగా ఉంటే మళ్లీ తీసి ఇవ్వవచ్చు. మీ డాక్టరు ముందుగా చూడాల్సిన కాగితం అదే.